పని దిగాక చదివిన చదువు

మా గురించి ఒక మాట చాలా కాలంగా తిరుగుతోంది. సాయిబులకు చదువు మీద ధ్యాస ఉండదని. పిల్లాడికి పదేళ్లు రాగానే మెకానిక్కు షెడ్డులో పెడతారు, ఆడపిల్లకు పదహారు రాగానే నిఖా చేస్తారు, ఇక చదువెక్కడిదని. ఈ మాట బస్సుల్లో విన్నాం, ఆఫీసుల్లో విన్నాం, స్టాఫ్ రూముల్లో విన్నాం. మా మొహల్లా సభల్లో మా పెద్దల నోటా విన్నాం. వాళ్లు ఇంకొకటి కలుపుతారు. మన దీన్‌లో దిగివచ్చిన మొదటి ఆజ్ఞే చదవమని కదా, అంటారు. నిజమే. కాని ఏ పూట చదవాలో, ఆ పూట ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించాలో ఏ వక్తా చెప్పడు.

2006 నవంబరులో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. ఇరవయ్యేళ్లు నిండిన దేశ జనాభాలో సుమారు 7 శాతం మంది డిగ్రీయో డిప్లొమాయో చదివినవాళ్లుంటే, ముస్లింలలో వాళ్లు 4 శాతం కూడా లేరని తేల్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు ముస్లిం పిల్లల్లో నూటికి పాతికమంది అసలు బడికి వెళ్లనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో అని చెప్పింది. ఈ లెక్కల్ని మేం కాదనం. ఇవి మా ఇళ్లలోంచి తీసిన లెక్కలే. అయితే ఎంతమంది చదవలేదో చెప్పే అంకె, ఎంతమంది ముప్పయ్యేళ్లకో నలభయ్యేళ్లకో పిల్లల్ని పడుకోబెట్టి మళ్లీ పుస్తకం పట్టారో చెప్పదు. ఎందుకు పట్టవలసి వచ్చిందో అసలే చెప్పదు. ఆ చరిత్ర ఎవరూ రాయలేదు కనుక మేం రాస్తున్నాం.

మేం చెప్పదలచుకున్నది ఒకటే. మాకు చదువు మీద కోరిక ఎన్నడూ తక్కువ కాలేదు. మాకు తక్కువైంది పగలు. కాలేజీ గంట కొట్టే వేళకు మేం పనిలో ఉన్నాం. మాకు వీలున్న వేళకు ఏ తలుపు కొంచెం తెరుచుకున్నా ఆ తలుపు దగ్గర మావాళ్లు కనిపించారు.

మా చదువు అనగానే అందరికీ ఉస్మానియా గుర్తొస్తుంది. 1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా, 1918లో విశ్వవిద్యాలయం, 1919లో తరగతులు. దేశమంతా ఇంగ్లీషులో పై చదువులు నడుస్తున్న రోజుల్లో ఉర్దూలో పాఠం చెప్పిన విశ్వవిద్యాలయం అది. దాని కోసం దారుల్ తర్జుమా పెట్టి శాస్త్రాలు, చట్టాలు, చరిత్రలు అనువాదం చేయించారు. ఆ పని గొప్పదే. కాని "మీ నవాబుల కాలంలో మీకేం తక్కువైంది?" అని అడిగేవాళ్లు కూడా ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

ఎవరి నవాబులు? దూదేకే నూర్‌బాషాకు, మాంసం కొట్టే ఖురేషీకి, రాళ్లు కొట్టే తురక కాశకు, అత్తరు పెట్టె నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే సాయిబుకు, ఇంటింటికీ తిరిగే ఫకీరుకు ఆ కళాశాల గడపతో ఏం సంబంధం? ఉర్దూ రాని తెలుగు రైతు బిడ్డకు ఆ భాష ఒక గోడ. ఆ మాట ఒప్పుకోవాలి. అరబీ, ఫార్సీ ధాతువుల నుంచి పండితులు తయారు చేసిన పారిభాషిక పదాలు మా ఇళ్లలో మాట్లాడే దక్కనీకి కూడా దూరమే. ఉద్యోగస్తుల పిల్లలు, జాగీరుదార్ల పిల్లలు చదువుకున్నారు. వాళ్ల మతమూ మా మతమూ ఒకటే. వాళ్ల పొద్దూ మా పొద్దూ ఒకటి కాదు.

ఆ పై తరగతిలో కూడా సంసారం మధ్య చదువుకున్న ఒక స్త్రీ పేరు చెప్పుకోవాలి. తయ్యబా బేగం బిల్‌గ్రామీ. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ కూతురు. పెళ్లయి, పిల్లలు పుట్టాక మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షలు రాసి 1910 ప్రాంతంలో బి.ఏ. పట్టా తీసుకున్నారు. దేశంలో డిగ్రీ పొందిన తొలి ముస్లిం స్త్రీలలో ఆమె ఒకరు. హైదరాబాదులో ఆడపిల్లలకు మహబూబియా బడి వచ్చింది 1907లో. ఆడవాళ్లకు కాలేజీ వచ్చింది 1924లో. అంటే ఈ ఊళ్లో ఆడవాళ్లకు కాలేజీ లేని రోజుల్లో, పర్దా ఉన్న ఇంట్లోంచి, బిడ్డల తల్లి డిగ్రీ చేసింది. ఆమె కూతురు మాసూమా బేగం తర్వాత ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో పనిచేశారు. తల్లి చదివిన చదువు పిల్లల దాకా ఎలా వెళుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. అయితే తయ్యబా బేగం ఇంట్లో పిల్లల్ని ఎత్తుకునే ఆయాలున్నారు, వంట చేసే మనుషులున్నారు. ఆయా ఇంట్లో పిల్లల్ని ఎవరు ఎత్తుకున్నారు? ఆ ఆయా ఎప్పుడు చదువుకోవాలి? మా ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

దానికి జవాబుగా కాకపోయినా కొన్ని దారులు పడ్డాయి. 1931లో డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ మిత్రులతో కలిసి ఇదారె అదబియాతె ఉర్దూ స్థాపించారు. ఆ సంస్థ ఉర్దూ పరీక్షలు నడిపింది. అలీగఢ్‌లోని జామియా ఉర్దూ అదీబ్, అదీబ్ మాహిర్, అదీబ్ కామిల్ పరీక్షలు నడిపింది. రోజూ కాలేజీకి పోనక్కర్లేదు. ఇంట్లో చదువుకుని పరీక్షకు వెళితే చాలు. గడప దాటనివ్వని ఇళ్లలో ఆడవాళ్లకు ఏడాదిలో ఆ కొద్ది రోజులైనా బయటి గాలి తగిలింది. మగవాళ్లకు హిమాయత్‌నగర్ ఉర్దూ హాల్ దగ్గరి ఉర్దూ ఆర్ట్స్ ఈవినింగ్ కాలేజీ వంటివి దొరికాయి. పగలంతా దుకాణంలో నిలబడినవాళ్లు, ఆఫీసులో ఫైళ్లు మోసినవాళ్లు సాయంత్రం బెంచీ మీద కూర్చుని బి.ఏ. చదివారు.

ఈలోగా చరిత్ర మా నెత్తి మీదుగా నడిచింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. 1949లో జాగీర్ల రద్దు. జాగీర్లు పోవడం న్యాయమే. రైతు నెత్తురు తాగిన వ్యవస్థ పోవలసిందే. కాని జాగీరుదారు పోతూ తన భవనం పట్టుకుపోయాడు, లేదా అమ్ముకున్నాడు. అతని కచేరీలో లెక్కలు రాసిన గుమాస్తా, నిజాం ఫౌజులో సిపాయి, దేవిడీ ముందు నిలబడిన కాపలావాడు వట్టి చేతులతో మిగిలారు. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో చదువుకున్నవాడి చదువు తెల్లారేసరికి చెల్లని రూకైంది. తండ్రి చదువు చెల్లకపోవడం కొడుకు కళ్లారా చూశాడు. ఆ కొడుకు సైకిలు రిపేరు నేర్చుకున్నాడు. చదువు మీద ధ్యాస లేదని మమ్మల్ని అనేవాళ్లు ఈ ఒక్క తరం ముందు ఆగి ఆలోచించాలి.

కోస్తాలో, రాయలసీమలో మావాళ్ల కథ ఇంకోలా నడిచింది. నూర్‌బాషాల ఇళ్లలో ఇంటి భాషే తెలుగు. వాళ్ల చేతిలో ఉన్నది దూదేకే విల్లు. ఊరూరూ తిరిగి పరుపులు కుట్టే ఇంటి పిల్లాడు ఏ ఊరి బడిలో పేరు రాయించుకోవాలి? ఉత్తర తెలంగాణలో బీడీలు. పాతబస్తీలో జరీ పని, గాజుల పని. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దారి తెరుచుకుంటే పాస్‌పోర్టు వచ్చే వయసే చదువు ఆపే వయసైంది. భర్త దుబాయిలో, జిద్దాలో ఉంటే భార్య ఇక్కడ ఒక్కతే తల్లీ తండ్రీ అయింది. డ్రాఫ్టు కోసం బ్యాంకుకు పోయి ఫారం నింపడానికి ఎవరినో బతిమాలిన రోజున ఆమెకు చదువు లేని లోటు తెలిసింది.

1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పోస్టులో పాఠాలు పంపే కోర్సు మొదలుపెట్టింది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1977లో ఉస్మానియా ఆ దారి పట్టాయి. కాని వాటిలో డిగ్రీకి చేరాలంటే ఇంటర్ కావాలి. ఏడో తరగతిలో మానేసినవాడికి ఆ పోస్టు రాదు. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో అదే మొదటిది. ఇందిరా గాంధీ పేరిట ఢిల్లీలో జాతీయ విశ్వవిద్యాలయం వచ్చింది 1985లో. రెండింటికీ మొదటి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. ఏ సర్టిఫికెట్టూ లేనివాళ్లు కూడా ఒక అర్హత పరీక్ష రాసి నెగ్గితే డిగ్రీలో చేరవచ్చని ఇక్కడ పద్ధతి పెట్టారు. పుస్తకాలు ఇచ్చారు. ఊళ్లలో ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు తెరిచి సెలవు రోజుల్లో క్లాసులు పెట్టారు. రేడియోలో పాఠాలు చెప్పారు. చూడ్డానికి చిన్న మార్పులే. కాని మొదటిసారి ఒక విశ్వవిద్యాలయం "నువ్వు ఏ క్లాసులో మానేశావు?" అని అడగకుండా "ఇప్పుడు చదువుతావా?" అని అడిగింది.

1991లో ఆ విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దానికి తగిన పేరు. ఆదివారం క్లాసులో మా పక్కన బెంచీ మీద కూర్చున్నదెవరు? మాల మాదిగలు, చాకలి మంగలి ఇళ్లవాళ్లు, నేతపనివాళ్లు, కండక్టర్లు, హోంగార్డులు, అంగన్‌వాడీ టీచర్లు. పగలు ఊళ్లో మమ్మల్ని వేరు చేసిన గోడలు ఆ గదిలో కొంచెం పలచబడ్డాయి. ఒకే పుస్తకాన్ని ఇద్దరు పంచుకున్నారు. నోట్సు చేతులు మారింది. మైనారిటీ అనే మాటకు పక్కన తోడు దొరికింది అక్కడే.

పుస్తకం చేతికొచ్చాక ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పాలి. బీడీకి కూలీ వెయ్యి లెక్కన. చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి వెయ్యి పూర్తి చేయాలి. రెండు చేతులకూ పనే. పుస్తకం ఎక్కడ పట్టుకోవాలి? మా ఆపాలు దానికీ దారి కనిపెట్టారు. బడికి పోయే కూతురు ఎదురుగా కూర్చుని అమ్మ పాఠం చదువుతుంది. అమ్మ వింటూ చుడుతుంది. ఫజర్‌కు ముందు లేచి ఒక గంట. రంజాన్ నెలలో సహరీ వండి, అందరికీ తినిపించి, మళ్లీ పడుకోకుండా ఇంకో గంట. పరీక్ష దగ్గర పడితే పెళ్లిళ్లకు పోరు, పోకపోతే చుట్టాలు ఊరుకోరు. పంక్చరు షాపువాడికి పరీక్ష సెలవు ఎవరిస్తారు? సర్కారు నౌకరీ చేసేవాడు సెలవు చీటీ రాస్తాడు. షాపువాడు షట్టరు దించుతాడు, ఆ రోజు కూలీ వదులుకుంటాడు. అందుకే మేమంటాం, ఈ డిగ్రీకి కట్టిన ఫీజు చలానాలో ఉన్నంతే కాదు.

ఇంట్లో మాట కూడా చెప్పాలి. "అబ్ పఢ్‌కే క్యా కర్నా?" ఇప్పుడు చదివి ఏం చేయాలట? ఈ ప్రశ్న మగవాణ్ణి ఎవరూ అడగరు. అతను చదివితే ప్రమోషను కోసం. ఆమె చదివితే పొద్దుపోక. అతని పరీక్ష రోజున ఇల్లంతా మెల్లగా నడుస్తుంది. ఆమె పరీక్ష రోజున ఆమే పొద్దున్నే లేచి మధ్యాహ్నం కూర కూడా వండి పెట్టి పోతుంది. బుర్ఖా అడ్డమా కాదా అని బయటివాళ్లు ఏళ్ల తరబడి వాదించారు. మా ఆడవాళ్లు బుర్ఖాలోనే సెంటరుకు పోయి పరీక్షలు రాశారు. వాళ్లకు అడ్డం పడింది దస్తర్‌ఖాన్. దాన్ని ఎవరు పరచాలి, ఎవరు ఎత్తాలి అనే లెక్క. సమాజంలో వాటా అడిగే మేం ఇంటి పనిలో వాటా గురించి మాట్లాడకపోతే మా అస్తిత్వ వాదం సగమే.

అప్లికేషను ఫారంలోనే మా అస్తిత్వం మొదలవుతుంది. ఇంటిపేరు అని ఒక గడి. మాకు ఇంటిపేరేది? షేక్ అని రాస్తాం, సయ్యద్ అని రాస్తాం, మహమ్మద్ అని రాస్తాం. రేషను కార్డులో బీ అని ఉంటుంది, బడి సర్టిఫికెట్టులో బేగం అని ఉంటుంది. తెలుగు గుమాస్తా ఒకలా రాస్తాడు, ఇంగ్లీషులో ఇంకోలా పడుతుంది. ఇద్దరు మనుషులు కాదు, ఒక్కతేనని నిరూపించుకోవడానికి అఫిడవిట్టు, నోటరీ, ఒక రోజు కూలీ. చదువు మానేసిన పదిహేనేళ్లకు తిరిగి వచ్చినవాళ్లకు ఇది మొదటి పరీక్ష.

రెండో పరీక్ష కర్ఫ్యూ. 1990 డిసెంబరులో హైదరాబాదు తగలబడినప్పుడు, 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూలినప్పుడు పాతబస్తీ గల్లీలు మూతపడ్డాయి. కర్ఫ్యూలో రోజు కూలివాడి పనీ పోతుంది, పుస్తకమూ మూలపడుతుంది. దీపం కింద పుస్తకం తెరిచినా చెవి వీధి మీదే ఉంటుంది. అలాంటి రాత్రుల్లో ఏ రాజ్యాంగ సూత్రాలు బట్టీ పట్టాలి? మేం పట్టాం. సమానత్వ హక్కు, మత స్వేచ్ఛ హక్కు, మైనారిటీల విద్యా హక్కు వరసగా అంకెలతో సహా నేర్చుకున్నాం. నేర్చుకున్నాక బయటికి చూస్తే, పుస్తకంలో ఉన్న దేశానికీ గల్లీ చివర ఉన్న దేశానికీ మధ్య ఎంత దూరమో కొలవడం వచ్చింది.

మూడో పరీక్ష చరిత్ర పుస్తకం. 1817లో జేమ్స్ మిల్ అనే స్కాట్లండ్ చరిత్రకారుడు భారతదేశ చరిత్రను హిందూ, ముస్లిం, బ్రిటిష్ యుగాలుగా ముక్కలు చేశాడు. ఈ దేశంలో ఎన్నడూ అడుగు పెట్టకుండానే చేశాడు. ఆ నరుకుడు మన పాఠాల్లో చాలా కాలం నిలిచింది. ముప్పై అయిదేళ్ల జరీ పనివాడు బి.ఏ. పుస్తకం తెరిస్తే అందులో తన పేరున్న సుల్తాను దొరికాడు, దండయాత్ర దొరికింది. ఆ సుల్తాను వేసుకున్న అంగీ మీద జరీ కుట్టినవాడు దొరకలేదు. ఆ కోటకు రాయి కొట్టినవాడు దొరకలేదు. ఏ యుద్ధం చేయని మా తాతలు ఆ యుద్ధాలకు జవాబుదారులయ్యారు. వాళ్లు చేసిన పని మాత్రం చరిత్రలోకి ఎక్కలేదు. చిన్నప్పుడు చదివితే ఇది నమ్మి తలదించుకునేవాళ్లం. బతుకు చూశాక చదివాం గనుక అడిగాం. ఈ పుస్తకంలో మా ఇల్లెక్కడ అని. ఇవాళ ముస్లిం రచయితలు రాస్తున్న కథల్లో, కవితల్లో ఆ ప్రశ్న వినిపిస్తుంది. పని దిగాక చదివిన చదువు ఇచ్చిన లాభాల్లో ఇది పెద్దది.

ఇంత చేసి పట్టా తెస్తే ఎదురయ్యే మాట ఇంకొకటి. "ఓపెన్ డిగ్రీనా?" ఆ సాగదీతలో అంతా ఉంది. పగటి కాలేజీలో మూడేళ్లు క్యాంటీనులో గడిపినవాడి పట్టా అసలుదట. పదేళ్ల విరామం తర్వాత, రోజూ ఎనిమిది గంటలు పనిచేసి, ఇద్దరు పిల్లల జ్వరాలు చూసి, తప్పిన పేపరు మళ్లీ కట్టి రాసి తెచ్చుకున్నది తక్కువదట. చదువులోనూ వర్ణ వ్యవస్థ ఉందని మాకు అప్పుడు అర్థమైంది. ఎవరి తీరికతో సంపాదించిన చదువు పైది. ఎవరి చెమటతో సంపాదించింది కిందిది.

1998లో హైదరాబాదు కేంద్రంగా మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. అది మొదలైంది కూడా దూరవిద్యతోనే. ఉర్దూ పోయిన యాభై ఏళ్లకు ఉర్దూలో డిగ్రీ మళ్లీ ఇంటి దాకా రావడం చిన్న సంగతి కాదు. 2007లో వెనుకబడిన ముస్లిం సమూహాలకు బి.సి. 'ఇ' కింద 4 శాతం రిజర్వేషను చట్టం వచ్చింది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చింది. 2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు తెరిచారు. ఇవన్నీ మంచివే, మేం అడిగి తెచ్చుకున్నవే. కాని ఫీజు రీయింబర్స్‌మెంటు పగలు కాలేజీకి పోయే పిల్లల హాజరు లెక్క మీద నడిచే పథకం. గురుకులం పన్నెండేళ్ల పిల్ల కోసం. ఆ పిల్ల తల్లి వయసు ముప్పై. ఆమె బడి ఎక్కడుంది?

ఆమె కోసం మేం అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. స్టడీ సెంటరు మొహల్లాలో నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి. క్లాసు జరిగే గది పక్కన పసిపిల్లలకు ఒక గది, వాళ్లను చూసే ఒక మనిషి ఉండాలి. పాఠం మనుషులు మాట్లాడే తెలుగులో, మనుషులు మాట్లాడే ఉర్దూలో ఉండాలి. షాపుల్లో, షెడ్డుల్లో, బీడీ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు పరీక్ష రోజులకు కూలీతో సెలవు చట్టంలో రాయాలి. పెద్ద వయసులో చదివేవాళ్లకూ స్కాలర్‌షిప్పు ఇవ్వాలి. ఎలా చదివారన్నది చూసి పట్టాకు విలువ కట్టడం ఆపాలి. మా మసీదు కమిటీలకూ ఒక మాట. ఇషా నమాజు తర్వాత ఖాళీగా ఉండే గదిలో ఒక దీపం, నాలుగు బల్లలు వేయండి. ఆడవాళ్లకూ అందులో ఒక పూట ఇవ్వండి.

బడి ఫారంలో తల్లి చదువు అని ఒక గడి ఉంటుంది. మా ఇళ్లలో ఆ గడిలో ఎన్నో ఏళ్లు గీత గీశారు. ఆ గీత మీద బి.ఏ. అని రాసుకున్న తల్లులు ఇప్పుడు మా మధ్య ఉన్నారు. వాళ్ల పిల్లలు చదువంటే ఏమిటో సభల్లో విని నేర్చుకోలేదు. బీడీల చాట పక్కన కూర్చుని అమ్మకు పాఠం చదివి వినిపిస్తూ నేర్చుకున్నారు. సాయిబులకు చదువు మీద ధ్యాస ఉండదనే మాటకు మా జవాబు ఆ పిల్లలే.